చైర్మన్ గారు ఆ రోజు ఎక్కడున్నారు

సోనేపూర్,
14 మార్చి 2022

మరదలు అమ్ములుకి,

ముందు కాసిన్ని మంచినీళ్ళు తాగి కూర్చో. మీ అన్న బ్లాకు చైర్మన్ అయ్యాడు.

అవునే, మన మసేనే. వార్డు మెంబరుగా ఉన్నప్పుడు ఒక్క వీధి దీపం కోసం బ్లాకు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి, ఈసారి బ్లాకు పంచాయతీ సమితి మెంబరుగా నిలబడి గెలిచాడు. గెలిచిన మెంబర్లంతా కూర్చుని చైర్మన్ ఎవరని తర్జనభర్జనలు పడ్డారట. ఒడియా వాళ్ళతో ఒడియాలో, మనవాళ్ళతో తెలుగులో పోట్లాడగలిగేది ఇతనొక్కడే అని చివరికి ఇతన్నే కూర్చోబెట్టారు. పొద్దున్న ఒడ్డు మీద చేపలు బేరమాడిన మనిషి సాయంత్రం ప్రభుత్వం జీపులో వచ్చి దిగాడు. దిగీ దిగగానే ఏమన్నాడో తెలుసా? "కన్నమ్మా, ఆకలేస్తంది, ఏటి కూర?" అన్నాడు.

వచ్చిన దండలన్నీ మేకకు వేశాను. బంతిపూలు తిని తిని దాని నడక కూడా మారిపోయింది. మన ఇల్లు మాత్రం టీ కొట్టయింది. వచ్చినవాళ్ళు లేవరు, లేచినవాళ్ళు వెళ్ళరు.

ఫోను చేద్దామంటే నువ్వు జెట్టీ దాకా నడిచి వస్తే గాని సిగ్నలు అందదు. అందినా సగం మాట సముద్రంలోనే పడిపోతుంది. అందుకే ఇంత ఉత్తరం. పుస్తకంలోలాగా రాస్తున్నానని నవ్వకు. మాట్లాడినట్టు రాస్తే ఇచ్ఛాపురం బడిలో మేష్టారు వేళ్ళ మీద కొట్టేవారు, ఆ భయం మన ఇద్దరికీ ఇంకా పోలేదు.

నాకు ఒక్కటే బెంగ. మీ అన్న సంగతి నీకు తెలుసు. ఎవరు రమ్మన్నా కాదనలేడు, ఎవరు కాగితం చాపినా చదవకుండా సంతకం పెడతాడు.

మీ ఆయన పైడన్నను అడిగానని చెప్పు.

చైర్మన్ గారి భార్య
(ఈ ఒక్కసారికీ ఇలా రాసుకోనీ)
కన్నమ్మ


హట్‌బే, చిన్న అండమాన్,
19 ఏప్రిల్ 2022

చైర్మన్ గారి దేవిగారికి, ఈ దీవిలో పడి ఉన్న ఆడపడుచు వంగి వంగి దండం పెట్టి రాస్తున్నది.

వదినా, నీ ఉత్తరం వచ్చిన పూట నా కొట్లో ఇడ్లీలు ఊరికే పెట్టేశాను. మా ఆయన బోటు మీద నుంచి అప్పుడే దిగాడు. సంగతి చెబితే, "మసేను బావేటి, జీపేటి?" అని ఇంకో రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడు. నీ ఉత్తరాన్ని నేను కొట్లో అందరికీ చదివి వినిపించాను. పక్కింటి బెంగాలీ పిన్నికి తెలుగు రాకపోయినా మేక సంగతి దగ్గర నవ్వింది. ఇకమీదట నువ్వు రాసే ప్రతి ఉత్తరం ఇలాగే చదువుతాను. నీ రాతకు ఇక్కడ గిరాకీ ఉంది.

ఇంకో పని కూడా చేశాను, తిట్టకు. కొట్టుకి బోర్డు రాయించాను. "చైర్మన్ గారి చెల్లెలి టిఫిన్ సెంటర్." ఎర్ర రంగుతో. ఓడ దిగినవాళ్ళు ఏ ఊరి చైర్మన్ అని అడుగుతున్నారు. చెప్పే లోపల దోసె మాడిపోతోంది.

అన్నకు చెప్పు, అమ్ములు చాలా సంతోషంగా ఉందని.

బోర్డు కింద నిలబడి,
అమ్ములు


సోనేపూర్,
8 నవంబర్ 2022

బోర్డు కింద నిలబడ్డ అమ్ములూ,

కాస్త పక్కకు జరుగు, ఎండ తగులుతుంది.

మీ అన్న మంచి పనులే చేస్తున్నాడు. చేపలు ఎండబెట్టుకోవడానికి ఒడ్డున సిమెంటు గచ్చు వేయించాడు. ఎండుచేపల్లో ఇసుక రావడం లేదని బరంపురం బజారులో ఇప్పుడు మనవాళ్ళ సరుకే ముందు అడుగుతున్నారు. ఏళ్ళ తరబడి ఆగిపోయిన ముసలమ్మల పింఛన్లు ఇప్పించాడు. ఒకావిడ పింఛను చేతికొచ్చిన రోజున పీతలు తెచ్చి మన గుమ్మంలో వదిలిపెట్టి వెళ్ళిపోయింది. అవి ఇల్లంతా తిరిగాయి. చైర్మన్ గారు మంచం ఎక్కి కూర్చున్నాడు.

మీటింగులని భువనేశ్వర్ వెళ్తూ ఉంటాడు. కారు, హోటలు, భోజనం అన్నీ ప్రభుత్వ ఖర్చే. ఆఫీసులో బిల్లులు రాసే గుమాస్తా హేమచంద్ర అని ఒకతను ఉన్నాడు. అతను రాసుకొస్తాడు, మీ అన్న సంతకం పెడతాడు, డబ్బు వస్తుంది. మొన్న ఒక తమాషా జరిగింది. భువనేశ్వర్ వెళ్తున్నానంటే చొక్కాలు ఇస్త్రీ చేసి సంచి సర్ది పంపాను. అదే రోజు మధ్యాహ్నం మా పిన్ని కూతురు బరంపురం నుంచి ఫోను చేసి, మీ ఆయన ఇక్కడ అంకులిలో ఎవరింట్లోనో పలావు తింటూ క్రికెట్టు చూస్తున్నాడు అంది. ఇంటికొచ్చాక అడిగితే మీటింగు రద్దయిందన్నాడు. సంచిలో చొక్కాల మడత విప్పనే లేదు.

పోనీలే, మగవాళ్ళకి కాస్త ఆటవిడుపు ఉండాలి కదా అనుకున్నాను. పైగా ఆ నెలలోనే బట్టలుతికే మిషను కొన్నాడు. నేను దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, అది తిరగడం చూస్తూ ఉంటాను. సినిమా కంటే బాగుంది.

మిషను తిరుగుతుండగా రాసినది,
కన్నమ్మ


సోనేపూర్,
4 జూన్ 2023

అమ్ములూ,

ఈ ఉత్తరం కొట్లో అందరికీ గట్టిగా చదువు. బెంగాలీ పిన్నిని ముందు వరసలో కూర్చోబెట్టు.

మన వీధి రాజా కొడుకు సుమిత్ పెళ్ళి మొన్న బుధవారం జరిగింది. పెళ్ళికూతురిది బాహుదా నది అవతలి ఒడ్డు. రోడ్డు మీద చుట్టూ తిరిగి ఎందుకు, పడవల మీదే వెళ్దాం, అందంగా ఉంటుంది అన్నారు. పొద్దున్నే మూడు పడవలు బయలుదేరాయి. ముందు పడవలో పెళ్ళికొడుకు, డోలు సన్నాయి వాళ్ళు. వాళ్ళ వెనక మేము. పెళ్ళి వీడియో తీయడానికి బరంపురం నుంచి సంతోష్ అనే కుర్రాడు వచ్చి మా పడవలో ఎక్కాడు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేసరికి గాలి లేచింది. అప్పటికీ ఏమీ కాకపోను. ఆ సంతోష్ కెమెరా ఎత్తి, ముందు పడవ వాళ్ళంతా ఇటు చూడండి అని అరిచాడు. అందరికీ వీడియోలో పడాలని ఆశ. అందరూ ఒకే పక్కకు ఒరిగారు. ఆ పడవ ఎంత నెమ్మదిగా తిరగబడిందో చెప్పలేను. పళ్ళెంలో అన్నం ఒంపినట్టు మనుషుల్ని నీళ్ళలో ఒంపేసింది.

నేను కేక వేసేలోపే మీ అన్న దూకేశాడు. తెల్ల చొక్కా, గంజి పెట్టిన పంచె, చేతి గడియారం అన్నీ ఒంటి మీదే. ఒక్కొక్కరిని జుట్టు పట్టుకుని, చెయ్యి పట్టుకుని మా పడవ దగ్గరికి తోశాడు. మేము పైకి లాగాము. పెళ్ళికొడుకును కాలర్ పట్టుకుని తెచ్చాడు. చివరికి మిగిలినవాడు డోలు తవిటయ్య. అతనిది మెట్ట ఊరు, జన్మలో పడవ ఎక్కలేదు. ఒక చేత్తో డోలును కావలించుకుని మునిగి తేలుతున్నాడు. మీ అన్న, "డోలు ఒదిలీరా" అంటాడు. అతను నీళ్ళు మింగుతూనే, "ఒదిలేస్తే మా ఆడది ఇంట్లోకి రానీదు బాబూ" అంటాడు. ఆఖరికి డోలును, అతన్నీ కలిపే లాక్కొచ్చాడు.

ఎవరికీ ఏమీ కాలేదమ్మా. దేవుడి దయ. తడి బట్టలతోనే అవతలి ఒడ్డు చేరితే ఆడపెళ్ళివారు అందరికీ పొడి పంచెలు ఇచ్చారు. ముహూర్తం తప్పలేదు. తవిటయ్య డోలు నీళ్ళు తాగి గొంతు మారిపోయింది, అయినా వాయించాడు. భోజనాల దగ్గర మీ అన్నకు రొయ్యల కూర ఎన్నిసార్లు వడ్డించారో లెక్క లేదు.

నిజానికి ఆ రోజు మీ అన్న ఇక్కడ ఉండవలసినవాడు కాడు. భువనేశ్వర్‌లో మూడు రోజుల శిక్షణ ఉంది. ముందురోజు రాజా వచ్చి, "నువ్వు నేకపోతే పెళ్ళికొడుకుని పడవెక్కించను" అని కూర్చున్నాడు. మీ అన్న సర్దిన సంచి విప్పేశాడు. వెళ్ళకపోవడమే ఎంత మంచిదయిందో చూడు.

సంతోషం పట్టలేక,
కన్నమ్మ


హట్‌బే,
9 జూలై 2023

వదినా,

నీ ఉత్తరం కంటే ముందు వీడియోనే వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చినవాడు ఎవరో ఫోనులో చూపించాడు. కెమెరా మీద నీళ్ళు పడి మొహాలు సరిగ్గా కనపడలేదు గాని, ఆ ఈత చూస్తే తెలియదా? చిన్నప్పుడు నన్ను వీపు మీద ఎక్కించుకుని ఆ మొగ దాటినవాడు కాదూ. నేను ఏడ్చాను. మా ఆయన కూడా ఏడ్చి, కంట్లో పొగ పడిందన్నాడు. బెంగాలీ పిన్ని ఆ వీడియో పూర్తయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఇంత పని చేసినవాడికి ఒక శాలువా అయినా ఉండొద్దా? మన ఊళ్ళో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. అందుకని నేనే పూనుకున్నాను. ఇక్కడి పోస్టుమాస్టరు గారి చేత ఇంగ్లీషులో అర్జీ రాయించి, సాహస పురస్కారం ఇవ్వాలని మీ జిల్లా ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో పంపాను. బాగా వచ్చింది. పోస్టుమాస్టరు గారు కూడా అక్కడక్కడా తన చెయ్యి వేశారు.

అన్నకు చెప్పకు. బహుమతి వచ్చినప్పుడే తెలియాలి.

నా తెలివికి నేనే మురిసిపోతూ,
అమ్ములు


సోనేపూర్,
28 ఆగస్టు 2023

అమ్ములూ,

ఇది కొట్లో చదవకు. ఎవరికీ చదవకు.

నువ్వు ఆ అర్జీ వెనక్కి తీసుకో. పొరబాటున పంపానని, విన్న మాట మీద రాశానని రాసెయ్యి. ఎందుకని అడగవద్దు. ఇది జెట్టీ దగ్గర ఫోనులో అరిచి చెప్పే మాట కాదు.

అయినా మీ అన్న అంత గొప్ప పని ఏం చేశాడు? నీళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం, ఎవరున్నా దూకేవారు. ఆ మూడు రోజులూ మీ అన్న భువనేశ్వర్‌లోనే ఉన్నాడని అనుకో. ఎవరైనా అడిగితే అదే చెప్పు.

కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా?

కన్నమ్మ


హట్‌బే,
30 సెప్టెంబర్ 2023

వదిన గారికి,

కోళ్ళు బాగానే ఉన్నాయి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. గొప్ప పని ఏం చేశాడా? నీ కళ్ళతో చూసి, నీ చేతులతో మనుషుల్ని పడవలోకి లాగి, ఈ మాట ఎలా రాశావు? మా అన్నకు పేరు వస్తే నీకెందుకు కష్టంగా ఉందో నాకు అర్థం కావడం లేదు. ఆడపడుచు అర్జీ పెట్టింది, నేను పెట్టలేదే అన్న చిన్నతనమా?

ఇంకో సంగతి విను. మీ జిల్లా ఆఫీసు నుంచి నాకు జవాబు వచ్చింది. ఆఫీసు రికార్డుల ప్రకారం సదరు చైర్మన్ ఆ రోజు భువనేశ్వర్‌లో శిక్షణలో ఉన్నారు, కాబట్టి మీ అర్జీకి ఆధారం లేదు అని. నన్ను అబద్ధాలకోరును చేశారు. ఎవరో కుళ్ళుబోతు గుమాస్తా అన్నకు పేరు రాకూడదని ఇలా రాశాడని మా ఆయన అన్నాడు. నాకూ అదే అనిపించింది.

ఊరుకుంటానా? వీడియోను పెన్ డ్రైవులో ఎక్కించి పంపాను. ఆ పెళ్ళికి వెళ్ళివచ్చిన మనవాళ్ళు ఇక్కడ బోట్ల మీద ముగ్గురున్నారు. వాళ్ళ చేత సంతకాలు పెట్టించాను. డోలు తవిటయ్య పేరు, ఊరు కూడా రాసి, కావాలంటే అతన్ని పిలిచి అడగండి అన్నాను. చైర్మన్ గారు ఆ రోజు ఎక్కడున్నారో ఇప్పుడు తేలుతుంది.

నువ్వు తోడు రాకపోయినా మా అన్న మర్యాద నేను నిలబెడతాను.

అమ్ములు


సోనేపూర్,
12 డిసెంబర్ 2023

నా తల్లీ అమ్ములూ,

తలుపు వేసుకుని ఒక్కదానివే చదువు. అర్జీ వెనక్కి తీసుకోమన్న ఉత్తరంలోనే అన్నీ విప్పి రాయవలసింది. సిగ్గుతో రాయలేకపోయాను.

ఆఫీసు రికార్డు కుళ్ళుబోతు గుమాస్తా రాసింది కాదు. మీ అన్న సంతకంతో ఉన్నది. పెళ్ళిలో రొయ్యలు తిన్న రోజుతో కలిపి ఆ మూడు రోజులకీ తను భువనేశ్వర్ వెళ్ళినట్టు, కారులో తిరిగినట్టు, హోటల్లో పడుకున్నట్టు హేమచంద్ర బిల్లు రాసుకొచ్చాడు. మీ అన్న సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాడు. ఆ ఒక్కసారే కాదట. అంకులిలో క్రికెట్టు చూసిన రోజు కూడా అంతే. మొదటిసారి మీటింగు నిజంగానే రద్దయిందట. "రాసిన బిల్లు రాసినట్టే ఉంచండి అయ్యా, అందరూ చేసేదే" అన్నాడట హేమచంద్ర. ఆ తర్వాత వెళ్ళని ఊళ్ళకు కూడా బిల్లులు వెళ్ళాయి. నీ అర్జీ సంగతి చెప్పిన రోజున మీ అన్న ముద్ద దిగక కంచం పక్కకు జరిపి, ఇదంతా నాకు చెప్పాడు.

నేనేం చేశానంటావా? నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఆ బట్టల మిషను మీద దుప్పటి కప్పేశాను. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నది నేనే కదా.

నీ పెన్ డ్రైవు చేరాక ఎదుటి వర్గం వాళ్ళకు సంగతి తెలిసిపోయింది. బరంపురం పేపర్లో వేశారు. విచారణ పెట్టారు. వచ్చే నెల బ్లాకు ఆఫీసు హాల్లో సాక్షులను పిలుస్తారు. హేమచంద్ర ఒక దారి చెప్పాడు. వీడియోలో మొహం కనపడదు కాబట్టి, నీళ్ళలో దూకింది చైర్మన్ కాదు, ఇంకెవరో అని ఊరివాళ్ళు చెబితే చాలు, బిల్లు నిజమవుతుంది, పదవి మిగులుతుంది. ఊరంతా సరే అంది. గచ్చు వేయించినవాణ్ణి, పింఛన్లు తెచ్చినవాణ్ణి పోగొట్టుకోలేమన్నారు. రాజా కూడా సరే అన్నాడు. తవిటయ్యను కూడా ఒప్పించారు.

మీ అన్న అవునని అనలేదు, కాదని అనలేదు. ఒడ్డుకు వెళ్ళి కూర్చుంటున్నాడు. నీ మీద నాకు కోపం లేదు. నీకు తెలియదు కదా.

వదిన


హట్‌బే,
6 జనవరి 2024

వదినా,

నా చేతులతో నేనే అన్నను ముంచాను. ఇక్కడ ఇన్ని మాటలు రాసి కొట్టేశాను, ఏదీ నిలవలేదు. నిన్ను ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

ఇప్పుడైనా నేను రాయగలను. ఆ వీడియో అబద్ధమని, సంతకాలు నేనే పెట్టానని రాసేస్తాను. నన్నేం చేస్తారు, ఓడెక్కి ఇక్కడిదాకా వస్తారా? ఒక్క మాట చెప్పు, వెంటనే పంపుతాను. ఈ మాటకైతే ఫోను చెయ్యి. రోజూ సాయంత్రం జెట్టీ దగ్గర నిలబడతాను.

అమ్ములు


సోనేపూర్,
21 జనవరి 2024

అమ్ములూ,

నీ ఉత్తరం నిన్న అందింది. ఏమీ రాయకు. రాయవలసిన అవసరం తీరిపోయింది. కూర్చుని నెమ్మదిగా చదువు.

విచారణ పోయిన బుధవారం అయింది. నేనూ వెళ్ళాను. విచారణకు వచ్చినది ఒక ఆఫీసరమ్మ. బరంపురంలో పెరిగిన మనిషి, తెలుగు బాగానే వచ్చు. హాలు నిండా మన ఊరివాళ్ళే. మీ అన్న ఉతికిన చొక్కా వేసుకుని ఒక మూల కూర్చున్నాడు. ముందు రాజాను పిలిచారు. ఆ గాలిలో, గందరగోళంలో సరిగ్గా చూడలేదని, నీళ్ళలో దిగింది ఎవరో పోల్చుకోలేకపోయానని చెప్పి, తల దించుకుని వచ్చి కూర్చున్నాడు.

తర్వాత తవిటయ్యను పిలిచారు. నిన్ను నీళ్ళలోంచి తీసింది ఎవరని ఆవిడ అడిగింది. అతను మీ అన్న వైపు చూడలేదు.

"నన్ను ఎవులూ తియ్యనేదమ్మా. నానే ఈదుకుని ఒచ్చీసినాను" అన్నాడు.

"నీకు ఈత వచ్చా?"

"ఒచ్చమ్మా."

ఆ రెండు మాటలకే అతని కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. ఆవిడ కలం తీసుకుని రాసుకోబోతుంటే మీ అన్న లేచి నిలబడ్డాడు.

"అమ్మా, అది రాయకండి. ఆడికి ఈత రాదు. నా కోసం తన పానం సంగతే అబద్ధమాడతన్నాడు" అన్నాడు. తర్వాత ఆవిడ బల్ల ముందుకు వెళ్ళి స్పష్టంగా చెప్పాడు. "నీళ్ళల్లో దిగినోణ్ణి నానే. భువనేశ్వరం ఎల్లనోణ్ణీ నానే. ఎల్లినానని డబ్బు తీసుకున్నోణ్ణీ నానే."

ఇదొక్కసారేనా అని ఆవిడ అడిగింది. కాదమ్మా, చాలాసార్లు అని, గుర్తున్నంతవరకు ప్రతి ప్రయాణం చెప్పుకుంటూ పోయాడు. అంకులి పలావు సంగతి కూడా చెప్పాడు. గుమాస్తా ఒక్కడి మీదకు తోసెయ్యలేదు. అతను రాశాడు, నేను తెలిసే సంతకం పెట్టాను అన్నాడు. హేమచంద్ర మధ్యలో నీళ్ళు తాగి వస్తానని వెళ్ళి మళ్ళీ కనపడలేదు.

అంతే అమ్ములూ. పదవి పోయినట్టే. ఇకమీదట ఎన్నికల్లో నిలబడనివ్వరట. తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. సరుకు తోలే చిన్న లారీ అమ్మేశాం, బట్టల మిషను కూడా అమ్మేశాం. అది బండెక్కితే వీధి చివరిదాకా వెనకే నడిచాను, అబద్ధమెందుకు.

తిరిగి వచ్చేటప్పుడు జీపు లేదు. బస్సులో వచ్చాం. తవిటయ్య మా పక్కనే కూర్చుని దారి పొడుగునా మీ అన్నను తిట్టాడు. ఇంత పనికిమాలిన సత్యం చెప్పడానికా నాచేత పొద్దున్నుంచి అబద్ధం బట్టీ పట్టించారు, నిద్ర కూడా పోలేదు అన్నాడు. మీ అన్న నవ్వడం మొదలుపెట్టాడు. అతనూ నవ్వాడు. బస్సులో వాళ్ళు మమ్మల్ని చూసి ఏ పెళ్ళి నుంచో వస్తున్నామనుకున్నారు.

ఆ రాత్రి మీ అన్న గుర్రు పెట్టి పడుకున్నాడు. చాలా నెలల తర్వాత ఆ గుర్రు విన్నాను. మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళి చేపలు బేరమాడాడు. ఆడవాళ్ళు, "చైర్మన్ గోరూ, ఈ వంజరాలకి బిల్లెంత రాస్తారు?" అని ఏడిపించారు. ఆయన, "సూసి సంతకం పెట్టుకోండి" అన్నాడట. ఒడ్డంతా నవ్వులేనట.

నువ్వు ముంచలేదే. ఎక్కడిదాకా మునిగిపోయేవాడో, మధ్యలో జుట్టు పట్టుకుని లాగావు.

నీ వదిన,
కన్నమ్మ


హట్‌బే,
25 ఫిబ్రవరి 2024

వదినమ్మా,

ఏడుస్తూ మొదలుపెట్టి నవ్వుతూ ముగించాను నీ ఉత్తరం. కొట్లో అందరికీ చదివాను. దాచడం ఎందుకు, అన్న హాల్లో అందరి ముందూ చెప్పాక. డోలు తవిటయ్య సంగతి దగ్గర మా ఆయన లేచి బయటికి వెళ్ళాడు. మళ్ళీ కంట్లో పొగ పడిందట. పొయ్యి అప్పటికి వెలిగించలేదు.

బోర్డు మీద "చైర్మన్" అన్న మాట నేనే గీకేశాను. మిగతాది అలాగే ఉంది. "గారి చెల్లెలి టిఫిన్ సెంటర్." వచ్చినవాళ్ళు ఎవరి గారి అని అడుగుతున్నారు. మా అన్న గారి అంటున్నాను. గిరాకీ ఏమీ తగ్గలేదు.

నిన్ను నేనన్న మాటలన్నీ పడవ మీద నుంచి నీళ్ళలో పారేశావని అనుకుంటాను.

అమ్ములు


సోనేపూర్,
18 ఆగస్టు 2024

అర్జీల అమ్ములుకి,

పారేశాను గాని, ఒకటి దాచుకున్నాను. ఎప్పుడైనా నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు, నీకు బాగా ఆకలిగా ఉన్నప్పుడు గుర్తు చేస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ అర్జీ చచ్చిపోయిందని అనుకున్నాం కదా. చావలేదు. ఆధారం లేదని పక్కన పడేసిన ఆ కాగితం ఏదో బల్ల మీద అలాగే ఉండిపోయిందట. విచారణ చేసిన ఆఫీసరమ్మ తన నివేదికలో, సదరు మసేను ఆ రోజు భువనేశ్వర్‌లో లేడు, బాహుదా మొగ దగ్గర మునిగిపోతున్నవారిని కాపాడుతూ ఉన్నాడని రుజువైంది అని ముద్ర వేసి రాసింది. పదవి తీసేసింది ఆ మాట మీదే. ఇక నీ అర్జీకి ఇంతకంటే ఆధారం ఎక్కడ దొరుకుతుంది? ఆవిడే ఆ నివేదికను దానికి జతచేసి పైకి పంపిందట. ఆగస్టు పదిహేనున బరంపురంలో జెండా ఎగరేసే చోటికి రమ్మని మీ అన్నకు పిలుపు వచ్చింది.

వెళ్ళనన్నాడు. దొంగ బిల్లులు పెట్టినవాణ్ణి, ఏ మొహంతో వేదిక ఎక్కను అన్నాడు. అప్పుడు నేను చెప్పాను. "ఆ మొహం నీళ్ళల్లో దూకిన మొహమే కదా. తప్పు చేసినప్పుడు పిలిస్తే ఎల్లినావు. ఇప్పుడు పిలిస్తే ఎల్లకపోతే ఎలగ?" ఆ మాటకు లేచి చొక్కా తీసుకున్నాడు.

సుమిత్, అతని భార్య, రాజా, తవిటయ్య అందరూ వచ్చారు. సంతోష్ కూడా కెమెరా పట్టుకుని వచ్చాడు. అతన్ని చూడగానే రాజా, మా వాళ్ళను ఎవరూ ఒక పక్కకు ఒరగవద్దని ముందే హెచ్చరించాడు. మీ అన్న పేరు పిలిచారు. ఎదుటి వర్గం వాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు, వాళ్ళ మొహాలు నేను చూడలేదు. ఆఫీసరమ్మ ప్రశంసాపత్రం తీసి మైకులో చదివింది. ప్రాణాలకు తెగించి పదకొండు మందిని కాపాడిన మసేను అని చదువుతుండగా, మీ అన్న చెయ్యి ఎత్తాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను, ఈయన మళ్ళీ ఏం చెప్పబోతున్నాడో అని.

"పదకొండు కాదమ్మా, తొమ్మిదే" అన్నాడు. "ఇద్దరు ఆళ్ళే ఈదుకుని ఒచ్చీసినారు."

మైకు ముందే ఉంది కాబట్టి అందరికీ వినపడింది. ఆఫీసరమ్మ మీ అన్న వైపు చూసి, నవ్వు దాచుకుంటూ కలం అడిగింది. ఆ పత్రం మీద పదకొండు కొట్టేసి తొమ్మిది అని రాసి, పక్కన సంతకం పెట్టి ఇచ్చింది. ముందు తవిటయ్య చప్పట్లు కొట్టాడు. డోలు వాయించే చేతులు కదా, మైదానమంతా మోగింది. తర్వాత అందరూ కొట్టారు. మీ అన్న మెట్లు దిగి నా దగ్గరకు వచ్చి కూర్చునేదాకా ఆగలేదు.

ఇంతకీ ఆ పదకొండు ఎక్కడి నుంచి వచ్చిందని ఆవిడను అడిగాను. మీ ఆడపడుచు గారి అర్జీలోనే ఉందమ్మా అంది. పోస్టుమాస్టరు గారు అక్కడక్కడా వేసిన చెయ్యి ఇదేనా? లేకపోతే ఇది మీ ఇంటి గుణమా? మీ నాన్న పట్టిన చేపలు కూడా ఒడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి పెరిగిపోయేవని మా అత్త చెప్పేది.

ఆ పత్రానికి అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాను. చుట్టాలు వచ్చి, ఇదేమిటి, కొట్టివేత ఉన్న కాగితాన్ని అద్దం కట్టించావు, వేరేది రాయించి తెచ్చుకోవచ్చు కదా అంటున్నారు. కొట్టివేత ఉంది కాబట్టే కట్టించానని చెబుతున్నాను.

పైడన్నకు, బెంగాలీ పిన్నికి నా మాటగా చెప్పు. ఇది మాత్రం కొట్లో చదువు. పదకొండు దగ్గర కూడా గొంతు తగ్గించకుండా చదువు.

నీ వదిన,
కన్నమ్మ